కందెనకు లొంగని చప్పుడు

బండి ఇరుసు కూస్తే కందెన పెట్టాలి. ఈ మాటకు పల్లెలో ఎవరూ రుజువు అడగరు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి, వెదురు గొట్టంలో నింపి, బండి కింద వేలాడదీసుకునే ఆ నల్లటి ముద్ద తరతరాలుగా చక్రం కూతకు మందు. తరవాత సైకిల్ వచ్చింది. దాని చక్రమూ కూసింది. అలవాటు కొద్దీ నూనెడబ్బా ముక్కు మొదట చైను మీదికి, ఆ తరవాత హబ్బు రంధ్రంలోకి వెళ్లింది. అయినా వెనక చక్రంలో టిక్కు టిక్కుమని ఏదో కొట్టుకుంటూనే ఉంటుంది. బరువు వేస్తే పెరుగుతుంది, దిగి నడిపిస్తే మాయమవుతుంది. కందెనకు లొంగని ఈ చప్పుడు పుల్లలది, అంటే చక్రం స్పోకులది. నూనెతో దాని నోరు కాసేపు మూయించవచ్చు గాని, అది పోవాలంటే బిగువు సరిచేయాలి. నేటి రూపంలోని సైకిల్‌ను పుట్టించిన ఇంగ్లండులో ఈ సంగతి ఇంజనీర్లకు తెలుసు. రైలు కూత వినబడని నారాయణఖేడ్ లాంటి తాలూకా ఊళ్లో, నాలుగు పానాలు ముందేసుకుని కూర్చున్న సైకిల్ మెకానిక్కుకు ఎలా తెలిసింది? పనిముట్లు పట్నం నుంచి వచ్చాయి, చెవి మాత్రం ఇక్కడిదేనని నా వాదన. బండి చక్రం, కుండ, డప్పు కలిసి తయారుచేసిన చెవి అది. సైకిల్ చక్రాన్ని బండి చక్రానికి తమ్ముడనుకుంటాం గాని, పని తీరు చూస్తే అది డప్పుకు దగ్గరి చుట్టం.

ముందు ఊరి సంగతి. నారాయణఖేడ్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 అక్టోబర్ 11కు ముందు మెదక్ జిల్లా, 1956 నవంబర్ 1కి ముందు హైదరాబాద్ రాష్ట్రపు బీదర్ జిల్లా. ఊరు ఉన్నచోటే ఉండి మూడు జిల్లాలు చూసింది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ, తండాల్లో లంబాడీ వినిపించే ఈ సరిహద్దు సీమకు మంజీర దగ్గరే గాని రైలు దగ్గర కాదు. రైలెక్కాలంటే జహీరాబాదుకో బీదరుకో పోవాలి. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అంతటి రాజ్యానికి 27 బస్సులంటే, బస్సు ఆగిన చోటి నుంచి ఊరి దాకా మిగిలిన దారి ఎవరిదో ఊహించడం కష్టం కాదు. అది కాళ్లది, ఎడ్లది, కాలం గడిచిన కొద్దీ సైకిల్‌ది. వానకు చక్రానికి అంటుకుని, ఎండకు నెర్రెలిచ్చే నల్లరేగడి బాటలు. మధ్యమధ్య మొరం పోసిన గతుకులు. వాటి మీద సైకిల్ మోసింది ఒక్క మనిషిని కాదు. క్యారియర్ మీద జొన్న సంచో, పాల క్యాన్లో, కల్లు కుండలో, ఊరూరా తిరిగి అమ్మే బట్టల మూటో ఉండేది. ఇంగ్లిష్ పద్ధతి రోడ్‌స్టర్ సైకిల్‌కు 28 అంగుళాల చక్రాలు, ముందు 32 పుల్లలు, వెనక 40. వెనక ఎనిమిది ఎక్కువ ఉండటం బరువు ఎటు పడుతుందో తెలిసిన వాళ్లు చేసిన లెక్క. చప్పుడు ఎక్కువగా వెనక చక్రం నుంచే రావడానికి కారణమూ ఆ బరువే.

చప్పుడు ఎందుకు వస్తుందో తెలియాలంటే రెండు చక్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. బండి చక్రంలో నడుమ కుండ, దాని నుంచి బయలుదేరే కొయ్య ఆకులు, వాటి కొసలను కలిపే పూటీలు, వాటన్నిటి మీద ఇనుప పట్టా. కమ్మరి ఆ పట్టాను ఎర్రగా కాల్చి, చక్రం మీద దింపి, నీళ్లు పోస్తాడు. ఇనుము చల్లారుతూ కుంచించుకుపోయి పూటీలను, ఆకులను కుండలోకి నొక్కేస్తుంది. బండి చక్రానికి బలం ఆ నొక్కుడులో ఉంది. కింద ఉన్న ఆకు కాలులా నిలబడి బరువు మోస్తుంది. సైకిల్ పుల్లకు ఆ పని చేతకాదు. రెండు మిల్లీమీటర్ల తీగను నిలబెట్టి నొక్కితే విల్లులా వంగిపోతుంది. దాన్ని లాగితే మాత్రం ఒక మనిషి వేలాడినా తెగదు. ఈ కిటుకును ఇంగ్లండులో జార్జ్ కేలీ అనే ఆయన 1808లోనే, ఎగిరే యంత్రానికి తేలికైన చక్రాలు కావాలని ఆలోచిస్తూ రాసి పెట్టుకున్నాడు. 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ తీగ పుల్లల చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1870లో కొవెంట్రీ పట్నంలో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్‌మన్ ‘ఏరియల్’ అనే సైకిల్‌తో అదే దారి పట్టారు. స్టార్లీ అంతకు ముందు కుట్టుమిషన్ల మనిషి. దారం బిగువు ఎక్కువైతే తెగుతుంది, తక్కువైతే కుట్టు వదులవుతుంది అని రోజూ చూసినవాడికి తీగల చక్రం తట్టడం వింతేమీ కాదనిపిస్తుంది. 1874లో ఆయనే ఇంకో మెట్టు ఎక్కాడు. అప్పటిదాకా పుల్లలు హబ్బు నుంచి సూర్యకిరణాల్లా నిటారుగా వచ్చేవి. వాటిని వాలుగా, ఒకదాన్నొకటి దాటేలా అల్లితే హబ్బు తిరిగే బలాన్ని రిమ్ముకు బాగా అందిస్తాయని ఆయన కనిపెట్టాడు. నేటికీ మన సైకిళ్లలో ఉన్నది ఆ అల్లికే. పుల్ల పుల్లను దాటే చోట రెండూ ఆనుకుంటాయి గనక, పుల్లల రాపిడి చప్పుడుకు కూడా పుట్టిన ఏడాది 1874 అని సరదాగా చెప్పుకోవచ్చు.

ఇక భాష ఇచ్చే సాక్ష్యం. సైకిల్‌లో చాలా భాగాల పేర్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పేర్లే: రిమ్ము, హబ్బు, నిప్పిల్, యాక్సిల్, కోను. వాటిని తిప్పే పనిముట్టు పానా, ఉర్దూ నుంచి వచ్చింది. కానీ స్పోకుకు మాత్రం తెలుగువాళ్లు సొంత పేర్లు పెట్టుకున్నారు. ఒక చోట పుల్ల, ఇంకో చోట చువ్వ. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది, పెట్టిన పేరు కన్నా పెట్టని పేరు. చక్రంలో కుండ నుంచి అంచుకు పోయేదానికి తెలుగులో అప్పటికే ‘ఆకు’ అనే మాట ఉంది. ప్రతి రైతుకూ తెలిసిన మాట. అయినా సైకిల్ ఆకులు అనలేదు. ఇరుసు కూడా సైకిల్‌లోకి పెద్దగా రాలేదు. పుల్ల సన్నగా ఉంది గనక అలా అన్నారు, అంతకు మించి ఏమీ లేదని ఎవరైనా అనవచ్చు. కొంత నిజమే. కానీ గుర్రపు జట్కా చక్రం ఆకులు బండి ఆకుల కన్నా ఎంతో సన్నం, వాటిని ఆకులనే అన్నారు. సన్నదనం ఒక్కటే కారణమైతే అక్కడా పేరు మారాల్సింది. నొక్కుడును భరించేది ఆకు. లాగుడును భరించే వస్తువుకు ఆ పేరు అతకలేదు. పేరు పెట్టినవాళ్లు ఈ సూత్రం చెప్పి పెట్టారని నేననడం లేదు, చేత్తో పట్టి చూసినవాళ్లు రెండూ ఒకటి కావని గ్రహించారని మాత్రం అంటున్నాను. ‘బెండు తీయడం’ అనే మాట కూడా ఇలాంటిదే. బెండు ఇంగ్లిష్‌ది, తీయడం మనది. ముల్లు తీస్తాం, దిష్టి తీస్తాం, చక్రంలో చేరిన బెండునూ అలాగే బయటికి తీస్తాం. వంకరను లోపలికి చొరబడ్డ పరాయి వస్తువులా చూసే ఈ మాట, వైద్యుడి నోట్లోంచి వచ్చినట్టుంటుంది.

వైద్యుడికి నాడి ఉన్నట్టు ఇక్కడి చేతిపనులన్నిటికీ చప్పుడే నాడి. సంతలో కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు, మొద్దుగా మోగితే కంటికి కనబడని పర్రె ఉందని పక్కన పెడతారు. డప్పు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. తోలు తేమకు సాగిపోతే డప్పు మోగదు. దాన్ని మంట దగ్గర కాచి, మధ్యమధ్య వేళ్లతో తట్టి, ఆ మోత పదునెక్కే దాకా చూస్తారు. బిగువు పెరిగితే స్వరం పెరుగుతుందన్న సూత్రం, పుస్తకం అక్కర్లేకుండా, ప్రతి జాతరకు ముందు ఊరి నడుమ రుజువవుతూనే ఉంది. బండి చక్రం విషయంలోనూ కందెన ఒక్కటే మందు కాదు. ఎండాకాలం కొయ్య ఎండి, ఆకులు కుండలో వదులై, చక్రం లొటలొటలాడితే అప్పుడు ఎవరూ కందెన గొట్టం తీయరు. చక్రాన్ని చెరువులోనో కుంటలోనో నానబెడతారు. కొయ్య నీరు తాగి ఉబ్బి, అతుకులు బిగుసుకుంటాయి. అంటే సైకిల్ రాకముందే పల్లెకు చక్రం చప్పుళ్లు రెండు రకాలని తెలుసు. రాసుకునే చప్పుడుకు జిడ్డు, వదులు చప్పుడుకు బిగువు. ఈ తేడా తెలిసినవాడికి పుల్లల జబ్బు కనిపెట్టడానికి కావలసిన చదువులో సగం అప్పటికే వచ్చేసినట్టు.

మిగతా సగం పని నేర్పింది. సైకిల్ చప్పుడు చేస్తోందని ఎవరైనా వస్తే మంచి మెకానిక్ చేసే మొదటి పని పుల్లలను నమ్మకపోవడం. తొక్కడం ఆపి సైకిల్‌ను దొర్లనిస్తే చప్పుడు ఆగిందా? అయితే అది పెడల్‌ది, చైనుది, క్రాంకుది. దొర్లుతున్నప్పుడూ వస్తోందా? అయితే చక్రానిది. చక్రంలోనూ దొంగలు చాలామంది. ట్యూబు నోటి దగ్గరి నట్టు వదులై రిమ్మును కొట్టవచ్చు. మడ్‌గార్డు కమ్మీ ఒక చోట తాకవచ్చు. కోను వదులైతే హబ్బులో బాల్స్ గరగరమంటాయి, చక్రాన్ని అటూ ఇటూ ఊపితే ఆ ఆట చేతికే తెలుస్తుంది. ఇవన్నీ తీసేశాకే పుల్లల వంతు. సైకిల్‌ను సీటు మీద, హ్యాండిల్ మీద తలకిందులుగా నిలబెట్టి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ పానా కొసతో ఒక్కో పుల్లనూ మీటుకుంటూ పోతారు. టింగు, టింగు, టింగు అంటూ సాగుతున్న వరసలో ఒకటి మొద్దుగా పలుకుతుంది. అక్కడ చెయ్యి ఆగుతుంది. పక్కపక్క పుల్లలను జంటగా పిడికిట్లో పట్టి పిండితే, దాటే చోట కిర్రుమంటుందో, రిమ్ములో పుల్ల కొసను పట్టే నిప్పిల్ దగ్గర టిక్కుమంటుందో తేలిపోతుంది. ఏళ్ల తరబడి రాసుకున్న పుల్లల మీద దాటే చోట చిన్న గాడి పడి ఉంటుంది. ఆ గాడిలోంచి పుల్ల జరిగి మళ్లీ పడినప్పుడల్లా చప్పుడే. హబ్బు రంధ్రం దగ్గర పుల్ల మెడ వంపు చూడాలి, ఎక్కువ పుల్లలు తెగేది అక్కడే, అందులోనూ ఫ్రీవీల్ వైపు. హబ్బు అంచులోనో రిమ్ములోనో బీట కనిపిస్తే బిగించే ప్రయత్నమే తప్పు. అక్కడ చప్పుడు ముందస్తు హెచ్చరిక, మార్చాల్సింది ఆ భాగాన్ని.

బిగించడం అనగానే చప్పుడు చేసే పుల్లను పట్టి తిప్పేయడం కాదు. ఒక పుల్లను బిగిస్తే అది రిమ్మును తన వైపుకు లాగుతుంది, చక్రం అక్కడ పక్కకు వాలుతుంది. అందుకని అవతలి వైపు పొరుగు పుల్లల్ని చూసుకుంటూ, నిప్పిల్‌ను పావు చుట్టు, అర చుట్టు చొప్పున తిప్పుతూ, మధ్యమధ్య చక్రాన్ని తిప్పి చూడాలి. కొత్తగా అల్లిన చక్రంలో ఇంకో తమాషా ఉంది. నిప్పిల్‌ను తిప్పేటప్పుడు సన్నటి పుల్ల కూడా దానితోపాటు కాస్త మెలి పడుతుంది. షాపులో చక్రం నిశ్శబ్దంగా ఉంటుంది, రోడ్డెక్కగానే టింగు టింగుమని మోగుతుంది. బరువు పడ్డప్పుడు ఆ మెలికలు విడిపోవడమే ఆ మోత. కొనుక్కున్నవాడు కంగారు పడి వెనక్కి వస్తాడు, అప్పటికి మోతా ఆగిపోయి ఉంటుంది, బిగువూ అటూ ఇటూ అయి ఉంటుంది. ఇది తెలిసినవాళ్లు నిప్పిల్‌ను కావలసిన దాని కన్నా కాస్త ఎక్కువ తిప్పి మళ్లీ వెనక్కి తెస్తారు. చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి రిమ్మును రెండు వైపులా అరచేతులతో నొక్కి వదులుతారు. మోగాల్సింది ఏదైనా ఉంటే షాపులోనే మోగిపోతుంది.

చెవి మీద ఇంత నమ్మకం తగదని ఒక అభ్యంతరం ఉంది. ఇవాళ పుల్ల బిగువును కొలిచే మీటర్లు దొరుకుతాయి, చెవి అంచనా వాటి ముందు ఎంత? లెక్క వేసి చూద్దాం. లాగి కట్టిన తీగ పలికే స్వరం దాని పొడవు, బరువు, బిగువుల మీద ఆధారపడుతుందని ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లోనే అచ్చు వేశాడు. దాని ప్రకారం 30 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పుల్లను 60 కిలోల బరువుతో లాగితే సెకనుకు దాదాపు 260 సార్లు అదురుతుంది. హార్మోనియం మీద నడిమి స్థాయి మొదటి తెల్ల మెట్టు దరిదాపు స్వరం అది. బిగువు 15 కిలోలకు పడిపోతే స్వరం సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఇంత పెద్ద తేడాను పట్టడానికి సంగీత విద్వాంసుడి చెవి అక్కర్లేదు. అల్లికలో పుల్లలు ఒకదాన్నొకటి ఆనుకుంటాయి గనక అసలు చక్రంలో స్వరం ఈ లెక్కకు అచ్చంగా కుదరదు, మోత కూడా కాస్త అణిగి ఉంటుంది. కానీ మెకానిక్కుకు కావలసింది స్వరం పేరు కాదు, పక్క పుల్లతో పోలిక. ఒకే పొడవు, ఒకే మందం, ఒకే రకం అల్లిక ఉన్నంత వరకు పోలిక చెడదు. వెనక చక్రంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఫ్రీవీల్‌కు చోటివ్వడానికి రిమ్మును ఒక పక్కకు జరిపి కట్టినప్పుడు ఆ వైపు పుల్లలు ఎక్కువ బిగువుగా, అవతలివి తక్కువ బిగువుగా ఉంటాయి. ఒక వైపు స్వరాన్ని రెండో వైపుతో పోల్చేవాడు చక్రాన్ని పాడుచేస్తాడు. మీటరు ఎంత బిగువుందో చెబుతుంది. ఏ పుల్ల దారి తప్పిందో చెప్పడంలో చెవి దానికేమీ తీసిపోదు, పైగా 40 పుల్లల్నీ ఒక్క చుట్టులో చూసేస్తుంది.

ఇంకా పెద్ద అభ్యంతరం నూనె పక్షానిది. పుల్లలు దాటే చోట, నిప్పిల్ రిమ్మును తాకే చోట ఒక్కో చుక్క నూనె వేస్తే చాలా సైకిళ్లు నిజంగానే మౌనం వహిస్తాయి. అలాంటప్పుడు ఈ బిగువు పురాణం అంతా ఎందుకు? ఎందుకంటే తగిన బిగువున్న చక్రంలో మిగిలిన ఎండు రాపిడికి ఆ చుక్క సరైన మందు, దాన్ని నేను కాదనడం లేదు. వదులు చక్రంలో అదే చుక్క జబ్బును దాచిపెడుతుంది. దాచిపెట్టడంతో ఆగదు కూడా. పుల్ల వదులైనప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ అది నేలవైపు వచ్చేసరికి నిప్పిల్ మీద పట్టు సడలుతుంది. మరలోకి పల్చటి నూనె దిగి ఉంటే ఆ సడలిన క్షణంలో నిప్పిల్ ఒక వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది. అలా వందల సార్లు తిరిగితే రేపటికి మరింత వదులు. ఆ పైన నారాయణఖేడ్ దారుల దుమ్ము. నూనెలో దుమ్ము కలిస్తే అది సానరాయితో సమానం, పుల్ల మీది జింకు పూతను గీకేస్తుంది, తరవాత తుప్పు. వేస్తే వేసిన చుక్కను వెంటనే గుడ్డతో తుడవాలనడం అందుకే. పాశ్చాత్య దేశాల్లో చక్రాలు అల్లే పాతకాలపు పనివాళ్లు నిప్పిల్ మరకు అవిసె నూనె రాసేవారు. తిప్పేటప్పుడు జారుతుంది, ఆరాక జిగురై పట్టుకుంటుంది. దక్కన్ నల్లరేగళ్లలో యాసంగిన పండే అవిసెలకు ఇలాంటి పని కూడా ఉందని చాలామందికి తోచకపోవచ్చు.

మూడో అభ్యంతరం రైతుది, అదే అన్నిటికన్నా గట్టిది: బిగిస్తే తెగుతుంది కదా, కాస్త వదులుంటేనే పుల్ల బతుకుతుంది కదా? పగ్గం విషయంలో ఇది నిజం. పుల్ల విషయంలో తలకిందులు. నేల మీద నిలిచిన చక్రంలో బరువు ప్రభావం ఎక్కడ పడుతుందో చూడాలి. హబ్బు పై పుల్లలకు వేలాడుతోందని మనకు అనిపిస్తుంది. జాబ్‌స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు 1981లో వెలువడిన ‘ది బైసికిల్ వీల్’ పుస్తకంలో అసలు జరిగేదేమిటో లెక్కగట్టి చూపించాడు. బరువు పెట్టినప్పుడు పై పుల్లల బిగువు దాదాపు మారదు, నేలకు దగ్గరున్న నాలుగైదు పుల్లల బిగువు మాత్రం తగ్గుతుంది. నమ్మనివాళ్లు సైకిల్ మీద ఒకరిని కూర్చోబెట్టి పై పుల్లనూ కింది పుల్లనూ మీటి చూడవచ్చు. కూర్చోగానే కింది పుల్ల స్వరం దిగుతుంది, లేవగానే ఎక్కుతుంది, పైది అలాగే ఉంటుంది. ముందే తగినంత బిగువుంటే కింద కొంత తగ్గినా పుల్ల లాగుడులోనే ఉంటుంది, తన చోటు వదలదు. బిగువు చాలకపోతే పూర్తిగా సడలి, నిప్పిల్ రిమ్ము మీదినుంచి లేచి, మళ్లీ బరువు తొలగగానే టక్కున కూర్చుంటుంది. మనం వినే టిక్కు అదే. 28 అంగుళాల చక్రం కిలోమీటరుకు సుమారు 450 సార్లు తిరుగుతుంది. రోజుకు 20 కిలోమీటర్లు తొక్కేవాడి సైకిల్‌లో ఒక్కో పుల్ల 9,000 సార్లు సడలి బిగుస్తుంది. ఏడాదికి 300 రోజులు లెక్కేస్తే 27 లక్షల సార్లు. అన్నిసార్లు మెడ దగ్గర వంగి లేచే పుల్ల, ఎంత మంచి ఉక్కయినా, అలిసి తెగుతుంది. కమ్మీని అటూ ఇటూ వంచి విరిచేసే పిల్లవాడి ఉపాయమే ఇది, కాకపోతే నెమ్మదిగా. చప్పుడు చేసే పుల్ల రేపు తెగబోయే పుల్ల అన్న మెకానిక్ మాట శకునం కాదు. ఒక పుల్ల తెగితే దాని వంతు పొరుగు పుల్లల మీద పడుతుంది, రిమ్ము బెండు పోతుంది, అక్కడి నుంచి ఖర్చు పుల్ల ధరలో ఆగదు.

ఇదంతా చదివి, పల్లె మెకానిక్ ప్రతివాడూ వీణ శ్రుతి చేసే విద్వాంసుడని నేను చిత్రిస్తున్నానని ఎవరైనా అంటే తప్పు పట్టను. చప్పుడు చేసే పుల్లనే గట్టిగా తిప్పి, పక్కకు వాలిన రిమ్మును అలాగే వదిలేసి డబ్బులు తీసుకున్నవాళ్లు తప్పకుండా ఉంటారు. అలాంటి పని చెల్లిపోవడానికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రోడ్‌స్టర్ రాడ్ బ్రేకుల రబ్బరు ముక్కలు రిమ్ము పక్కలను పట్టుకోవు, లోపలి అంచుకు కిందినుంచి ఆనుకుంటాయి. చక్రం పక్కకు ఊగినా బ్రేకు పెద్దగా ఫిర్యాదు చేయదు. పక్కలను పట్టే బ్రేకులున్న సైకిల్‌లో అదే బెండు ప్రతి చుట్టుకూ రబ్బరుకు తగిలి వెంటనే బయటపడేది. అంటే రోడ్‌స్టర్ సైకిల్ కంటికి తప్పులు దాచింది. ఆ దాచిన తప్పును బయటపెట్టగలిగింది చెవి ఒక్కటే. పనితనం తక్కువున్న చోట్ల కూడా చప్పుడుకు ఇంత విలువ రావడానికి కారణం ఇదేననుకుంటాను. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో ‘ఎవ్రీడే టెక్నాలజీ’ అనే పుస్తకంలో సైకిల్, కుట్టుమిషన్, టైప్‌రైటర్, బియ్యం మిల్లు వంటి చిన్న యంత్రాలు భారతీయుల చేతుల్లో ఎలా భారతీయమయ్యాయో వివరించాడు. ఆ మార్పు వాడకంలోనే కాదు, మరమ్మతులో ఇంకా ఎక్కువగా జరిగిందని పుల్లల చప్పుడు చూస్తే అనిపిస్తుంది. కొవెంట్రీ పంపిన చక్రం ఇక్కడ తలకిందులుగా నిలబడి, డప్పులా తట్టించుకుంది.

స్వాతంత్ర్యం తరవాతి కథ త్వరగా చెప్పవచ్చు. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనిపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. నారాయణఖేడ్ బీదర్‌ను వదిలి మెదక్‌కు వచ్చిన ఏడాదే హీరో పుట్టడం యాదృచ్ఛికమే గాని, గుర్తు పెట్టుకోవడానికి పనికొస్తుంది. దేశీయ సైకిల్ అందుబాటు ధరకు రావడంతో గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిల్ టాక్సీ దుకాణాలు పెరిగాయి. అద్దె సైకిల్‌కు యజమాని మమకారం ఉండదు. ఎవడెవడో తొక్కి, ఎక్కడెక్కడో పడేసి తెచ్చిన చక్రాన్ని సాయంత్రం మీటి చూసుకోవాల్సిన అవసరం దుకాణదారుడిదే, మెకానిక్కుకు అంతకు మించిన పాఠశాల ఏముంటుంది? సైకిల్ కనుమరుగై ఈ విద్య పోయిందని చెప్పుకోవడం తేలిక, అంకెలు మాత్రం ఒప్పుకోవు. జనగణన ప్రకారం దేశంలో సైకిల్ ఉన్న కుటుంబాలు 2001లో 43.7 శాతం, 2011లో 44.8 శాతం. మోటారు ద్విచక్ర వాహనాలున్న కుటుంబాలు అదే పదేళ్లలో 11.7 నుంచి 21 శాతానికి ఎగబాకాయి. ఇంట్లో సైకిల్ అలాగే ఉంది, బరువులు మోసే పని మోటారు బండికి మారింది. 40 పుల్లల మీద క్వింటాలు మోసే రోజులు పోయి, బడికి వెళ్లే పిల్లల కింద చిన్న చక్రాలు మిగిలాయి. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడే, అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది.

పిల్లల సైకిళ్లతో మెకానిక్కుకు కొత్త చిక్కు వచ్చింది. పెద్దవాళ్లు పోగొట్టుకోవాలనుకునే చప్పుడును పిల్లలు కొని తెచ్చుకుంటారు. పుల్లలకు తగిలించే రంగురంగుల ప్లాస్టిక్ పూసలు చక్రం తిరిగితే పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జారుతూ టిక్కు టిక్కుమంటాయి. నిజంగా వదులైన పుల్ల టిక్కు వాటిలో కలిసిపోతుంది. పూసలు తీసేస్తానంటే పిల్లవాడు ఊరుకోడు. తీయనక్కర్లేదు కూడా. సైకిల్ ఎక్కించి, గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగం దాటేలా తొక్కమంటే చాలు. ఆ వేగంలో పూసలన్నీ విసురుకు రిమ్ము అంచున అతుక్కుపోయి నోరు మూసుకుంటాయి. ఆ తరవాత కూడా చుట్టుకోసారి వినబడేది ఏదైనా ఉంటే, పానా తీసుకోవచ్చు.